పెంకు ఏది?

మా నాయన గుడ్లు దొంగిలించలేదు. ఆ గుడ్లు తిన్నది ఉడుము. మా నాయన పేరుకు ఎదురుగా దొంగతనం అని రాసి, ఆ రాత కింద ఆయన చేతే వేలిముద్ర వేయించి, కోళ్ళ ఫారం గేటు బయటికి పంపేశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ రాతను మాత్రం ఈనాటికీ ఎవరూ కొట్టివేయలేదు.

అసలు మాట ముందే ఎందుకు చెప్పేశానంటే, మొదటి నుంచి చెప్పుకొచ్చిన ప్రతిసారీ వినేవాళ్ళు మధ్యలోనే లేచిపోయారు. ఆఫీసు గుమాస్తాలు, ఊరి పెద్దలు, ఒకసారి ఒక వకీలు, అందరూ అంతే. ఉడుము దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు నవ్వు మొదలవుతుంది. నవ్వు మొదలైన చోట న్యాయం వినబడదు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొట్లాలు కట్టిన పేపర్లు విప్పి చదివి, శాఖా గ్రంథాలయంలో మూల బెంచీ మీద కూర్చుని చదివి, నా అంతట నేను నేర్చుకున్న తెలుగుతో ఇప్పటికి ఎన్ని అర్జీలు రాశానో నాకే గుర్తులేదు. రాసిన ప్రతిదాంట్లోనూ అడిగింది ఒకటే. డబ్బు కాదు, ఉద్యోగం కాదు, పింఛను కాదు. ఆ ఒక్క మాట కొట్టేయండి అని.

ఇప్పుడు మళ్ళీ కలం పట్టడానికి కారణం మా చెల్లెలు నాగమ్మ. శ్రీకాళహస్తిలో కాపురం. కిడ్నీలు రెండూ చెడిపోయి, వారానికి రెండుసార్లు తిరుపతిలో ఒక ఆసుపత్రికి వచ్చి, రక్తం శుద్ధి చేసే మిషను పక్కన నాలుగు గంటలు పడుకుని పోతుంది. నేను పూతలపట్టు దగ్గర బస్సెక్కి వచ్చి ఆ నాలుగు గంటలూ ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటాను. చెయ్యి కదిలించకూడదు కాబట్టి ఆమెకు మిగిలింది నోరొక్కటే. దాన్ని మాత్రం ఊరుకోనివ్వదు.

"అన్నా, ఆఫీసోళ్ళు ఈసారన్నా ఏమన్నా రాసినారా?" అంది మొన్నొకరోజు.

"రాస్తారులే అమ్మీ."

"యాడ రాస్తారు? నేను ఆడికి పొయ్యినాక నాయన అడిగితే ఏం జెప్పేది? నీ కొడుకు ఇంకా అర్జీలు రాస్తానే ఉండాడు నాయనా అని జెప్పాల్నా?"

పక్క మంచం మీది ఆవిడ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తాను పోయేలోగా, నాయన దొంగ కాదన్న మాటను ముద్ర వేసిన కాగితం మీద చూడాలన్నది నాగమ్మ కోరిక. ఇంకే కోరికా లేదు ఆమెకు. డాక్టర్లు నన్ను పక్కకు పిలిచి మాట్లాడడం కూడా మానేశారు. అంటే ఎంత వ్యవధి ఉందో నాకు అర్థమవుతూనే ఉంది. ఆ కాగితం ఆమెకు ఎందుకంత అవసరమో తెలియాలంటే ఆమె ఇంకా అమ్మ కడుపులో ఉన్న కార్తీకానికి పోవాలి.

ఆ ఫారం ఎవరిదో, ఏ శాఖ కిందిదో ఇక్కడ రాయను. అప్పుడున్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. చిత్తూరు రోడ్డుకు కాస్త లోపల, మామిడి తోటల వెనక, పొడుగాటి రేకుల షెడ్లు. లోపల తెల్ల కోళ్ళు. ఆ గుడ్లు తినడానికి కాదు, పొదిగించి పిల్లల్ని ఊళ్ళకు పంచడానికి. అందుచేత ఒక్క గుడ్డు చిట్లినా అక్కడ పెద్ద పంచాయితీ. నాయన పని తెల్లారక ముందే మొదలయ్యేది. నేల మీద తడిసిన ఊక ఎత్తి కొత్త ఊక పరవడం, తవుడూ జొన్ననూకా కలిపి మేత వేయడం, తొట్లు కడిగి నీళ్ళు నింపడం, గూళ్ళలో గుడ్లు ఏరి తట్టల్లో పేర్చి లోపలి గదిలో పెట్టడం. సాయంత్రం ఆయన వీధి మలుపు తిరగకముందే వాసన ఇంటికి వచ్చేసేది. తడి ఊక, కోడిరెట్ట ఘాటు, తవుడు కమ్మదనం, మూడూ కలిసిన వాసన. "ఆ గుడ్డలు బయటనే ఇప్పేసి రా మామా, కోళ్ళు నీతో పాటే వస్తా ఉండాయి" అనేది అమ్మ. ఆయన గోచీతో నీళ్ళ గోలెం దగ్గర నిలబడి, పొయ్యిలోని బూడిదతో చేతులు మూడుసార్లు తోముకునేవాడు. మూడోసారి కడిగాక వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, గంధం వాసన చూసినట్టు చూసి, అప్పుడు సంగటి ముద్ద ముందు కూర్చునేవాడు. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మీద నెయ్యి లేకపోయినా ఫరవాలేదు, చేతికి వాసన మాత్రం ఉండకూడదు ఆయనకు. చిట్లిన గుడ్లను పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చని ఫారంలో అనుమతి ఉండేది. నాయన అది కూడా తెచ్చేవాడు కాదు. "సిట్లిన గుడ్డు తెచ్చే చెయ్యి రేపు సిట్లగొట్టి తెస్తాది" అనేవాడు. అటువంటి మనిషి మీద పడింది ఆ మాట.

వానలు వెనకపట్టి ఎండ మెత్తగా కాస్తున్న రోజులు. గూళ్ళలో గుడ్లు తగ్గిపోవడం మొదలైంది. తగ్గడం కూడా మధ్యాహ్నమే, నాయన బావి దగ్గర తొట్లు కడిగే వేళకే. మేనేజరు చెడ్డవాడు కాదు, ఈ మాట నేను ఒప్పుకోవాలి. వేరే జిల్లా నుంచి వచ్చిన చదువుకున్న మనిషి. గొంతు పెంచేవాడు కాదు. ఆ నెమ్మదిగొంతుతోనే మమ్మల్ని ముంచాడు. షెడ్డులో ఊక అంతా తిరగేయించి చూశాడు. "పిల్లి తింటే పెంకు ఉంటుంది. ముంగిస తింటే పెంకు ఉంటుంది. కాకి ఎత్తుకుపోయినా ఎక్కడో ఒకచోట పెంకు పడుతుంది. పాము మింగుతుంది, నిజమే, కానీ అది రాత్రి తిరిగేది. ఇవి పట్టపగలు పోతున్నాయి. మునస్వామీ, పెంకు ఏది?" అన్నాడు. మునస్వామి మా నాయన పేరు. "ఉడుము సార్" అన్నాడు నాయన. వెనక పుట్టలో ఒకటి ఉందని, ఎండెక్కాక బయటికి వస్తుందని చెప్పాడు. మేనేజరు ఉడుమును చూసినవాడు కాదు. ఆయన తర్కంలో ఉన్న లోపం ఒక్కటే. ఆయనకు ఒక జంతువు తక్కువ తెలుసు. ఒక్క జంతువు తక్కువ తెలిసినందుకు ఒక కుటుంబం పోయింది.

ఆ మర్నాడు నేను నాయనకు ముంతలో సంగటి పట్టుకుని పోయాను. షెడ్డు వెనక గోడ కింద నీళ్ళు పోయే తూము ఉండేది. దానిలోంచి ముందు ఒక తల వచ్చింది. తర్వాత మెడ. ఆ మెడ ఉండవలసిన దానికంటే లావుగా, లోపల ఏదో గుండ్రంగా ఇరుక్కున్నట్టు ఉంది. నేను కదల్లేదు. అదీ కదల్లేదు. తల పైకెత్తి, ఒకసారి మెడను అటూ ఇటూ మెలిపెట్టింది. ఆ గుండు మెల్లగా కిందికి జారింది. టప్ మని చాలా సన్నటి చప్పుడు వినబడింది. అరటికాయ బజ్జీ మీది పొర చిట్లినంత చప్పుడు. తర్వాత అది నోటిని నేలకు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి రాసుకుని, నాలుక ఆడిస్తూ పుట్ట వైపు పోయింది. పరుగెత్తి నాయనకు చెప్పాను. ఆయన చేతిలోని తొట్టి కింద పెట్టి, నా తల మీద తడిచెయ్యి వేసి, "బతికిచ్చినావు నాయనా" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ అనే అవకాశం నేను ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదో పోయినవారం దాకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఇక్కడ చెబుతాను. నన్ను సాక్షిగా ఆఫీసు వరండాలో నిలబెట్టారు. మేనేజరు కుర్చీలో, గుమాస్తా మెట్టు మీద, పనివాళ్ళంతా చుట్టూ.

"నువ్వు కళ్ళతో చూశావా?" అన్నాడు మేనేజరు.

"సూసినాను సార్."

"ఉడుమేనా? తొండ ఏమో?"

"ఉడుమే సార్. నా అంత పొడుగుండాది. నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తా ఉండె."

"ఎన్ని నాలుకలు?" అని ఊరికే, పిల్లవాణ్ణి పరీక్షిద్దామన్నట్టు అడిగాడు.

నేను చూసింది చీలిన నాలుక. చీలిక అన్న మాట నోటికి రాలేదు. "రెండు సార్" అన్నాను.

అంతే. గుమాస్తా తొడ చరిచి, "ఉడుముకు రెండు నాలుకలు! ఇనినారా సార్, సామెత అప్పజెప్తా ఉండాడు వీడు. నాయన బాగా నేర్పించి తెచ్చినాడు!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. మా వైపు ఇక్కడో మాట అక్కడో మాట చెప్పే అబద్ధాలకోరును అట్లా అంటారు, ఉడుముకు రెండు నాలుకలని. మేనేజరు కూడా ఆ నవ్వులో నవ్వాడు. నాయన నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. కిందికి చూశాడు. కంటితో చూసిన నిజాన్ని అబద్ధాలకోరు సామెతలో చెప్పినవాణ్ణి నేను.

అయినా మేనేజరు ఒక దారి చూపించాడు. "సరే మునస్వామీ. పుట్టలోనే ఉంటుందంటున్నావు కదా. గడ్డపార తీసుకో. తవ్వి చూపించు. ఉడుము కనబడితే నీ పని నీదే."

నాయన చేతులు కట్టుకున్నాడు. "సార్, నా పెండ్లాము కడుపుతో ఉండాది. పుట్ట మీద గడ్డపార ఎయ్యకూడదు సార్. ఇంకెవురినన్నా..."

ఇంకెవరూ అడుగు ముందుకు వేయలేదు. నాలుగు రోజుల ముందే నాగుల చవితి. ఆ పుట్టకే ఊరి ఆడవాళ్ళంతా పసుపు రాసి, పాలు పోసి, చలిమిడి పెట్టారు. కొందరు గుడ్లు కూడా పెట్టి వచ్చారు. అందరికంటే ముందు పాలు పోసింది మేనేజరు భార్య. ఆమె క్వార్టరు గుమ్మం నుంచే, "ఏమండీ, పుట్ట జోలికి మాత్రం పోకండి. మనకూ పిల్లలున్నారు" అంది. మేనేజరు కుర్చీలో కదిలాడు. కదిలి, మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. అందరి పిల్లలూ చల్లగా ఉండాలి, పుట్ట నిలవాలి. మిగిలింది ఎవరు? మా నాయన.

ఈ సంగతి తెలిసి అమ్మ ఆ ఎండలో, ఎనిమిదో నెల కడుపుతో, చెప్పులు లేకుండా ఫారం గేటుకు వచ్చింది. లోపలికి రానివ్వలేదు. గేటు కడ్డీలు పట్టుకుని అక్కడినుంచే అరిచింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "అయ్యా సారూ, చవితి దినం పుట్ట కాడ ఇన్ని గుడ్లు పెట్టినాము గదా, మర్నాడు పొయ్యి సూస్తే ఒగ పెంకన్నా ఉండెనా? సామి ఆరగించినాడని కొబ్బరికాయ కొట్టిరే మీరు! పుట్ట కాడ పెంకు లేకుంటే దేవుడు తినినట్టా, మీ షెడ్లో పెంకు లేకుంటే నా మొగుడు తినినట్టా?"

మేనేజరు ఒక్క క్షణం పుట్ట వైపు తల తిప్పి చూశాడు. ఆ క్షణం ఇంకొంచెం సాగి ఉంటే మా బతుకు వేరేగా ఉండేది. గుమాస్తా గొంతు సవరించుకుని, "దేవుడి మాట ఈడికి తేవద్దుమ్మా, కళ్ళు పోతాయి. కడుపుతో ఉండావు, ఇంటికి పో" అన్నాడు. ఆ మాటతో అందరికీ దారి దొరికింది. కాగితం సిద్ధమైంది. "విధి నిర్వహణలో దొంగతనం రుజువైనందున" అని గుమాస్తా పైకి చదివాడు. నాయన ఎడమచేతి బొటనవేలు ఆ గుమాస్తాయే పట్టుకుని సిరాలో ముంచి అద్దాడు. నకలు ఇవ్వలేదు. అడగాలని నాయనకు తెలియదు.

తర్వాతి సంగతులు ఊరించి చెప్పడానికి ఏమీ లేవు. నాగమ్మ పుట్టింది. పుట్టకు అడ్డంపడి పుట్టిన బిడ్డ కాబట్టి నాగమ్మ అనే పెట్టారు. నాయన మామిడికాయలు బండ్లకెత్తే పనికి పోయాడు, ఇటుకల బట్టీలకు పోయాడు. గుడ్లోడు అని పేరు పడింది. బడిలో పిల్లలు కోడిగుడ్డంత గులకరాళ్ళు ఏరి తెచ్చి నా పలకసంచిలో వేసేవాళ్ళు. ఇంటికొచ్చి సంచి దులిపితే రాళ్ళు గడప మీద దొర్లేవి. ఒకరోజు అవి నాయన కాళ్ళ దగ్గర ఆగాయి. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు. అమ్మ మా నాటుకోడిని ఎవరికో ఇచ్చేసింది. ఇంట్లో ఆ తర్వాత గుడ్డు వండలేదు. నాయన దగ్గర కోళ్ళ వాసన పోయి ఇటుకమట్టి వాసన వచ్చింది. అయినా సాయంత్రం బూడిదతో చేతులు మూడుసార్లు తోముకోవడం మానలేదు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని అంతసేపు ఏం వెతికేవాడో! ఇంకా ఏదో అంటుకుని ఉందని అనుకునేవాడేమో. అమ్మ నెమ్మదైన మనిషే, కానీ ఒకసారి, నాగమ్మకు పదేళ్ళప్పుడు, పొయ్యి రాజుకోని కోపంలో నోరు జారింది. "నువ్వు నా కడుపులో ల్యాకుంటే ఆ మనిషి పుట్ట తవ్వి సూపించేవాడు. మనం ఇట్లుండే వాళ్ళమా?" అంది. అన్నాక తనే ఏడ్చింది. నాగమ్మ ఏడవలేదు. ఆ మాటను తీసి దాచుకుంది. అత్తవారింట్లో గుడ్లదొంగ కూతురని దెప్పినప్పుడంతా అమ్మ అన్న మాట ముందుకు వచ్చి నిలబడేదట. ఆసుపత్రిలో ఆమె అడుగుతున్న కాగితం అందుకు.

నేను పెద్దయ్యాక మామిడి తోటల కాపలాకు కుదిరాను. తోట కాపలా అంటే కాయలున్న మూడు నెలలే కష్టం. మిగతా ఏడాదంతా ఊరికే కూర్చోవడం. నేను ఊరికే కూర్చోలేదు. ఉడుముల్ని చూశాను. ఒకటి రెండేళ్ళు కాదు, చూపు సన్నగిల్లేవరకూ చూశాను. చూసింది చూసినట్టు నోటు పుస్తకాల్లో రాసుకున్నాను. ఉడుము తెల్లారగానే మేతకు పోదు. పుట్టలోంచి సగం వచ్చి, రాతి మీద బోర్లాపడుకుని, ఒళ్ళు కాగేవరకూ ఎండలో ఉంటుంది. చల్లటి ఒంటితో అది తినలేదు, తిన్నా అరగదు. కాగాక బయలుదేరుతుంది. నడుస్తున్నంతసేపూ నాలుక నేలకు తగిలిస్తూనే ఉంటుంది. దానికి వాసన తెలిసేది ఆ నాలుకతోనే. నాలుక ఒక్కటే. కొస మాత్రం రెండుగా చీలి ఉంటుంది. వానాకాలంలో పేడకుప్పలు గీకి పురుగులు, పొలంగట్ల మీద నత్తలు, ఎండ్రకాయలు, కప్పలు తింటుంది. ఎలుకను పట్టితే తలపట్టి నేలకేసి మోది, తలవైపు నుంచే మింగుతుంది. పామును కూడా అట్లాగే మింగడం నేను రెండుసార్లు చూశాను. కుక్క చచ్చి పడి ఉన్నా వదలదు. నమిలే అలవాటు దానికి లేదు. గట్టిగా పట్టి, తల ఎత్తి, గొంతులోకి జారవిడుచుకుంటుంది. ఎండాకాలంలో నేలమీద పెట్టే పిట్టల గుడ్లు, కౌజుల గుడ్లు వెతికి వెతికి తింటుంది. చలి ముదిరితే తిండి మానేసి పుట్ట పట్టుకుంటుంది. మా నాయన పని పోయింది కార్తీకంలో. చలికి ముందు అది కడుపు నింపుకునే రోజులు. నాయనకు ఆ సంగతి తెలుసు. చెప్పుకోవడానికి చదువు లేదు.

కోడిగుడ్డుతో కూడా పరీక్ష చేశాను. మా ఇంట్లో గుడ్డు నిషేధం కాబట్టి తోటలోనే, చెట్టు మొదట్లో, నున్నగా ఊడ్చిన నేల మీద ఒక గుడ్డు పెట్టి దూరంగా కూర్చునేవాణ్ణి. చిన్న ఉడుములు దొర్లించి దొర్లించి వదిలేసేవి. పెద్దది వస్తే ఒక్క పట్టుకు దవడల మధ్యకు తీసుకునేది. తల ఎత్తేది. మెడ మెలిపెట్టేది. నా చిన్నప్పటి ఆ సన్నటి చప్పుడు. తర్వాత నోరు నేలకు రాసుకోవడం, కుడివైపు, ఎడమవైపు. అది పోయాక మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేలంతా వేలితో తడిమేవాణ్ణి. పెంకు లేదు. గోరంత కూడా లేదు. మర్నాడు దాని రెట్ట కూడా పుల్లతో విప్పి చూశాను, నాకు సిగ్గు లేదు. అందులోనూ సుద్దపొడి లాంటి తెలుపే తప్ప పెంకు కనబడలేదు. మొదటిసారి ఇది చూసిన రోజు నేను ఆ తోటలో ఒంటరిగా గట్టిగా అరిచాను. "నాయనా, పెంకు లేదు నాయనా!" అని. అప్పటికి ఆయన లేడు.

ఆ రోజు నుంచి అర్జీలు. ఉడుము ఏం తింటుందో, ఎట్లా తింటుందో, ఏ వేళ తింటుందో అన్నీ రాసి పంపేవాణ్ణి. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. అది చిత్తూరుకు పొమ్మంది. జిల్లా రెండయ్యాక తిరుపతికి పొమ్మన్నారు. అక్కడికి పోతే మళ్ళీ చిత్తూరన్నారు. ఈమధ్య ఒక కిటికీ దగ్గర కుర్రగుమాస్తా నా కాగితం సగం చదివి, "ఓ, ఇదా పెద్దాయనా? ఫోన్లో సూసినాను నేను. ఉడుము గుడ్డు మింగేది. లడ్డు మింగినట్టు మింగేస్తాది!" అన్నాడు. అని, ఫోను తీసి నాకే చూపించాడు. నిజమే. తల ఎత్తింది, మెడ మెలిపెట్టింది, మింగింది. కింద ఎవరో నవ్వుబొమ్మలు పెట్టారు. అతను వేలితో పైకి తోసేశాడు. తర్వాత ఎవరో డాన్సు ఆడుతున్నారు. మా నాయన బొటనవేలు సిరాలో ముంచిన రోజున ఆ ఒక్క రెప్పపాటు బొమ్మ ఎవరి దగ్గరైనా ఉండి ఉంటే! ఆ రోజున ఎవరికీ తెలియదు కాబట్టి మేము పోయాము. ఈ రోజున అందరికీ తెలుసు. తెలిసినందువల్ల మాకు ఒరిగిందేమిటి? "అయితే ఒప్పుకుంటా ఉండావు గదా నాయనా, ఉడుమే తినిందని? రాసివ్వు" అన్నాను. "నేను రాసిస్తే ఏంది తాతా, ఆకాలం ఫైలు కావాల గదా" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. అదే నన్ను కాల్చుకు తింటున్నది. ఇప్పుడు ఉడుమును పట్టుకుంటే జైలు. మంచి చట్టమే, నేనూ ఒప్పుకుంటాను. పూతలపట్టు కూడలి దగ్గర రోడ్డు వెడల్పు చేశాక వాటిని బస్సు చక్రాల కింద తప్ప చూడడం కూడా అరుదైపోయింది. దాని మీద నాకు పగ లేదు. అది దాని తిండి తిన్నది.

పోయినవారం మిషను పక్కన కూర్చుని నాగమ్మకు ఆ వరండా సంగతి చెప్పేశాను. మేనేజరు ఎన్ని నాలుకలని అడగడం, నేను రెండనడం, వాళ్ళు నవ్వడం. ఇన్నేళ్ళూ ఆ తప్పును తనొక్కతే మోస్తున్నాననుకున్న మనిషి. నా వైపు తల తిప్పింది.

"అదా? ఇన్ని దినాలు దాన్ని లోపల పెట్టుకోని తిరిగినావా?"

"నేను సరిగా చెప్పింటే..."

"నువ్వు నీ నాలుక అంటావు. నేను అమ్మ కడుపు అంటాను. తినిందేమో ఉడుము గదన్నా!"

అని నవ్వబోయి, గొట్టం లాగినట్టయి, కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి. చెయ్యి ఎత్తి తుడుచుకోవడానికి లేదు. నేను నా తువ్వాలుతో తుడిచాను. "అయినా కాగితం రావల్లన్నా. మన ఇద్దరి మాట మనకెందుకు? వాళ్ళు రాయల్ల" అంది.

నిన్న కవరు వచ్చింది. రిజిస్టరు పోస్టు. సంతకం పెట్టించుకున్నారు. విప్పకుండా అట్లాగే జేబులో పెట్టుకుని ఇవ్వాళ తిరుపతి బస్సెక్కాను. దారి పొడుగునా చేత్తో తడుముకుంటూనే ఉన్నాను. వార్డులో నాగమ్మను అప్పుడే మిషనుకు తగిలించారు. కవరు చూసి తల ఎత్తబోయింది. నర్సమ్మ వద్దని పడుకోబెట్టింది. నేను కొస చించి, కాగితం తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని, ముందు లోపల ఒకసారి చదువుకున్నాను. ముద్ర ఉంది. సంతకం ఉంది.

"ఏమన్నా, వచ్చినాదా? నాయన పేరు ఉండాదా అందులో?"

"ఉండాది."

"గట్టిగా సదువు. మొత్తం సదువు. నాకు ఇనపడాల."

చదివాను.

"తమరి అర్జీలను పరిశీలించడమైనది. ఉడుము కోడిగుడ్డును పెంకుతో సహా మింగునన్న తమరి వాదనతో ఈ కార్యాలయమునకు భేదాభిప్రాయము లేదు. అయితే సదరు ఫారము మూసివేసిన పిదప, కాలపరిమితి దాటినందున, దాని రికార్డులన్నియు నియమానుసారము ధ్వంసము చేయబడినవి. మునస్వామి అను వ్యక్తి సదరు ఫారములో ఎన్నడైనను పనిచేసినట్లు ఎట్టి ఆధారములు లభ్యము కాలేదు. పనిచేసినట్లు ఆధారము లేని వ్యక్తిపై ఆరోపణ యున్నట్లు భావించుటకు వీలులేదు. ఆరోపణ లేనందున దానిని కొట్టివేయు ప్రశ్న ఉత్పన్నము కాదు. కావున తమరి అర్జీ పరిష్కరింపబడినదిగా పరిగణించి ఇందుమూలముగా ముగించడమైనది."